అండమాన్‌కి బయల్దేరే ముందు విశాఖ రేవులో

విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి సముద్రం మీద సుమారు 650 నాటికల్ మైళ్లు, అంటే 1,200 కిలోమీటర్లు. గంటకి ఐదు నాటికల్ మైళ్లు నడిచే తెరచాప పడవకి, గాలి కలిసొస్తే, ఐదున్నర రోజుల ప్రయాణం. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ, హార్బర్‌లో ఎవరి నోట విన్నా పోర్ట్‌బ్లెయిరే.

మా అన్నయ్య, అంటే పెదనాన్నగారి అబ్బాయి, మర్చంట్ నేవీలో చేసి రిటైరయ్యాడు. గోవాలో ఒక పాత 36 అడుగుల ఫైబర్ పడవ కొని, శ్రీలంకను చుట్టి విశాఖ తీసుకొచ్చాడు. పేరు ‘గౌతమి’. "అండమాన్ పోదాం, వస్తావా?" అని ఫోన్ చేస్తే ఎగిరి గంతేశాను. నాకున్న అనుభవమల్లా హుస్సేన్‌సాగర్‌లో లేజర్ అనే, ఒక్కరు నడిపే చిన్న తెరచాప పడవ నడపడమే. "అది చాల్లే, ముందు పని చేద్దువుగాని రా" అన్నాడు. పని అన్న మాట అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

జనవరి నెలాఖరు ఎంచుకోవడానికి కారణం ఉంది. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా వర్షాకాలానికి ముందు ఒకసారి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మరోసారి పుడతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటింది ఇక్కడే. జనవరి, ఫిబ్రవరిల్లో ఈశాన్య గాలి నిలకడగా ఉంటుంది. మేం పోవాల్సింది ఆగ్నేయానికి, కాబట్టి గాలి ఎడమ పక్క నుంచి తగులుతుంది. తెరచాపకి అంతకన్నా సుఖమైన గాలి లేదు.

ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లు ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. ఐసు దంచే మోత, ఎండుచేపల వాసన, డీజిల్ పొగ. ఆ గుంపు చివర మా తెల్ల పడవ. పక్క బోటు నడిపే సరంగు బీడీ కాలుస్తూ దాన్ని కింద నుంచి పైదాకా చూశాడు. "ఈ గుడ్డ కట్టుకునేనా బాబూ పోర్ట్‌బ్లెయిర్ ఎల్తారు?" అన్నాడు. అన్నయ్య నవ్వి ఊరుకున్నాడు. తర్వాత మాకు అందరికంటే ఎక్కువ పనికొచ్చింది ఆ సరంగే.

అన్నయ్య దగ్గర ఒకే ప్రశ్న ఉంది: "ఇది పోతే?" ఏ వస్తువు ముట్టుకున్నా అదే. నడిసముద్రంలో అర్ధరాత్రి ఇది పోతే దేనితో నడిపిస్తాం? జవాబు లేకపోతే ఆ పని అయినట్టు కాదు.

మొదటి పని, తెరచాప కట్టే నిలువు కొయ్య. దాన్ని నిలబెట్టేవి పక్కల నుంచి, ముందు వెనకల నుంచి లాగి బిగించిన స్టీలు తీగలు. ఒక్కటి తెగితే కొయ్య కూలుతుంది. ప్రయాణమయ్యే నలుగురిలోకీ బరువు తక్కువని నన్ను బెల్టు కుర్చీలో కూర్చోబెట్టి, తెరచాప ఎత్తే తాడుతోనే పైకి లాగారు. చేతిలో దూది ఉండ. తీగ పొడవునా దూదితో తుడుస్తూ రావాలి. పంతొమ్మిది పోగులు పేనిన తీగలో ఏ పోగు తెగినా కంటికి ఆనదు, దూదికి మాత్రం దొరికిపోతుంది. కుడి పక్క తీగ, పై కొన బిగించిన లోహపు గొట్టంలోకి దూరే చోట దూది పీచు చిక్కుకుంది. గోటితో తడిమితే వెంట్రుకంత ముల్లు. కింద డాల్ఫిన్స్ నోస్ కొండా, ఓడలూ, హార్బరంతా పరుచుకుని ఉన్నాయి గానీ, నా చూపంతా ఆ ముల్లు మీదే. ఆ కొలత స్టెయిన్‌లెస్ తీగ మాకు విశాఖలో దొరకలేదు. చెన్నై నుంచి బస్సు పార్సిల్‌లో తెప్పించాం. పార్సిల్ వచ్చేదాకా మిగతా పనులు.

పడవ అడుగున నీళ్లు లోపలికీ బయటికీ పోయే కన్నాలున్నాయి. ఒక్కోదానికీ ఒక కవాటం. అది విరిగితే? ప్రతి కవాటం పక్కనా ఒక మెత్తచెక్క బిరడా తాడుతో కట్టి ఉండాలి. కన్నంలో కొడితే తడికి ఉబ్బి బిగుసుకుంటుంది. బోట్లు బాగుచేసే వడ్రంగి, మేం ఇచ్చిన కొలతలకి పూట తిరక్కుండా అన్నీ చెక్కి ఇచ్చాడు.

ఇంజన్ దగ్గర సరంగు వచ్చి కూర్చున్నాడు. మా డీజిల్ కొంచెం గాజుసీసాలో పోయించి రాత్రంతా కదపకుండా ఉంచమన్నాడు. తెల్లారి చూస్తే అడుగున వేలెడు నీళ్లు. కెరటాలకి పడవ ఊగినప్పుడు ఆ నీళ్లు కలిసి ఇంజన్‌లోకి పోతాయి, ఇంజన్ ఆగిపోతుంది. ట్యాంకు ఖాళీ చేసి కడిగాం. ఫిల్టర్లు, చల్లదనానికి సముద్రపు నీరు తోడే పంపులోని రబ్బరు రెక్కల చక్రం అదనంగా పెట్టుకున్నాం.

గ్యాస్ గురించి మాట్లాడేటప్పుడు అక్కడ ఎవరూ నవ్వరు. 2023 నవంబర్‌లో ఇదే హార్బర్‌లో రాత్రిపూట మంటలు లేచి సుమారు 40 బోట్లు కాలిపోయాయి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, కారితే పడవ అడుగున పేరుకుంటుంది. అందుకే సిలిండర్‌ని లోపల కాకుండా, బయటికి కన్నమున్న వేరే అరలో పెట్టాం. వంటవగానే సిలిండర్ దగ్గరే కట్టేయాలన్నది అన్నయ్య ఆర్డర్.

సరుకులకి పూర్ణా మార్కెట్. ఉల్లి, బంగాళాదుంపలు, నిమ్మకాయలు, అటుకులు, అనకాపల్లి బెల్లం. అట్టపెట్టెలు మాత్రం ఒక్కటీ పడవ ఎక్కకూడదు, మడతల్లో బొద్దింక గుడ్లుంటాయట. జెట్టీ మీదే అన్నీ విప్పి సంచుల్లోకి మార్చాం. నలుగురికి మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్లు, ఆరు రోజుల దారికి పన్నెండు రోజుల లెక్క, దాదాపు 200 లీటర్లు. ఒక్క ట్యాంకు పాడైతే మొత్తం పోకుండా కొంత క్యాన్లలో విడిగా. వదిన చేసిచ్చిన పులిహోర ఈ లెక్కల్లో లేదు.

కాగితాల కోసం తిరగడం గురించి రాయను, బీపీ పెరుగుతుంది. ఒక్కటి చెప్పాలి: ఆపద సిగ్నల్ పంపే బీకన్‌ని ముందే రిజిస్టర్ చేయించాలి. మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్‌లో ఉపగ్రహానికి, అక్కణ్ణుంచి బెంగళూరు కేంద్రానికి, అక్కణ్ణుంచి కోస్ట్‌గార్డ్‌కి కబురు పోతుంది. పడవ ఎవరిదో ముందే తెలిస్తే వెతుకులాట త్వరగా మొదలవుతుంది.

2017-18లో ఆరుగురు నేవీ మహిళలు ‘తారిణి’లో భూమిని చుట్టి వచ్చారు కదా, వాళ్లలో స్వాతి మన విశాఖ అమ్మాయే. అది 55 అడుగుల పడవ. మాది 36, అదీ అండమాన్ దాకానే. అయినా టెన్షన్ టెన్షనే.

తీగ వచ్చింది, బిగించాం. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చెప్పే కెరటాల అంచనా రోజూ చూస్తున్నాం. రెండున్నర మీటర్లన్నప్పుడు ఆగాం, ఒకటిన్నరకి దిగాక తాళ్లు విప్పాం. సరంగు ముందు తాడు విప్పి చేతికిచ్చి, "ఆటో పైలట్ పోతే ఏటి సేస్తారు?" అనడిగాడు. అన్నయ్య నా వైపు చూపించాడు.

డాల్ఫిన్స్ నోస్ కుడి పక్కన జారిపోయింది. బ్రేక్‌వాటర్ దాటాక పెద్ద తెరచాపని ఒక మడత తగ్గించే ఎత్తాం. చీకటి పడ్డాక గాలి పెరిగితే తగ్గించడం కష్టం. ఇంజన్ ఆపాక పడవ కుడికి వాలి అయిదున్నర నాట్లు, అంటే గంటకి అయిదున్నర నాటికల్ మైళ్ల వేగం అందుకుంది. ఒడ్డు మసకబారకముందే నాకు వాంతులు మొదలయ్యాయి. అన్నయ్య అల్లం ముక్క నోట్లో పెట్టి, లైఫ్ జాకెట్ బెల్టు కొక్కెం తగిలించి, డ్యూటీల పట్టీ చదివాడు. నాకు రాత్రి రెండు నుంచి అయిదు పడింది. ఓడలు తిరిగే దారి అడ్డంగా దాటేది సరిగ్గా ఆ వేళకే అట.