పర్లాకిమిడి వానల్లో ముత్యాల తీగను దక్కించుకున్న నా అనుభవం

2018 జనవరిలో బ్రహ్మపురంలోని చుట్టాలింటికి వెళ్లి తిరిగి వస్తూ, దారిలో ఒక నర్సరీలో వేలాడుతున్న స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్, అంటే ముత్యాల తీగ, కుండీని చూసి ఆగిపోయాను. పచ్చి బఠాణీల్లాంటి గుండ్రని ఆకులు, దారానికి గుచ్చినట్టుగా వరుసలు కట్టి, కుండీ అంచు మీదుగా జానెడు పొడవున జారుతున్నాయి. మొక్క నా చేతికిస్తూ నర్సరీ అతను "పాణి కమ్ దేబే, అమ్మా" అన్నాడు, నీళ్లు తక్కువ పొయ్యమని. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుకునే పర్లాకిమిడి వాళ్లం కాబట్టి ఆ మాట అర్థం కాకపోవడమంటూ లేదు. తక్కువంటే ఎంతో, అది మొక్కను చూసి ఎలా తెలుసుకోవాలో అడగకుండా రావడమే నేను చేసిన పొరపాటు.

ఇంటికి తెచ్చి హాల్లో తూర్పు కిటికీ పక్కన వేలాడదీశాను. మే నెల దాకా చక్కగా పెరిగింది. మా అత్తయ్యగారు రోజూ పొద్దున్నే తులసికోటకు నీళ్లు పోసి, చెంబులో మిగిలిన నాలుగు చుక్కలు ఈ కుండీలో వంచేవారు. ఎండాకాలపు వేడికి ఆ నీరు సాయంత్రానికల్లా ఆరిపోయేది కనుక, అది తప్పని నాకూ తోచలేదు. జూన్‌లో వానలు పట్టాక గాలిలోనే తడి నిండిపోయింది. కుండీ ఆరడం మానేసింది, చెంబు మాత్రం మానలేదు.

జూలై మొదటి వారంలో గింజల్లాంటి ఆ ఆకులు ముడతలు పడటం చూశాను. ఎండుద్రాక్షలా నొక్కుకుపోయి, కొన్ని బల్లపరుపుగా కూడా అయ్యాయి. "నీళ్లు చాలకే కదమ్మా ఇలా వడిలింది" అన్నారు అత్తయ్యగారు. నాకూ అలాగే అనిపించి ఒక గ్లాసు నీళ్లు నిండా పోశాను. మూడు రోజుల తర్వాత తీగల మొదట్లో ఉన్న గింజలు పసుపుపచ్చగా మారి, ముట్టుకుంటే చిట్లి నీరు కారాయి. ఒక తీగను మెల్లగా లాగితే ఏ పట్టూ లేకుండా చేతికి వచ్చేసింది. కుండీ బోర్లించి చూస్తే లోపలున్న కొబ్బరిపీచు పొట్టు స్పాంజిలా నీళ్లు పట్టి ఉంది, వేళ్లు గోధుమరంగు తిరిగి దారాల్లా జారిపోతున్నాయి. వేళ్లు కుళ్లిన మొక్క తడిలో ఉండి కూడా నీరు తాగలేదని, అందుకే దాహంతో ఉన్న మొక్కలాగే ముడతలు పడుతుందని నాకు అప్పుడు తెలిసింది. ముడతలు కనిపించగానే చెయ్యవలసింది చెంబు అందుకోవడం కాదు, ముందు మట్టిలోకి వేలు పెట్టి చూడటం. మట్టి పొడిగా ఉండి గింజ ముడతపడితే దాహం, మట్టి తడిగా ఉండి ముడతపడితే వేరుకుళ్లు. ఈ ఒక్క తేడా ముందే తెలిసి ఉంటే ఆ గ్లాసు నీళ్లు పోసి ఉండేదాన్ని కాదు.

ఈ మొక్క సొంత ఊరు ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలోని పొడినేలలు. అక్కడ రాళ్ల మధ్య, పొదల నీడన, నేల మీద పాకుతూ బతుకుతుంది. వేలాడటం మన కుండీల్లో నేర్చుకున్న అలవాటే. ఆకు గుండ్రంగా ఉండటానికి కారణముంది. అంతే నీరు పట్టే మరే ఆకారం కన్నా గోళానికి పైతలం తక్కువ, కాబట్టి ఆవిరై పోయే నీరూ తక్కువే. గింజను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఒక పక్క నిలువుగా సన్నని ముదురు గీత కనిపిస్తుంది. అది పారదర్శకమైన పొర, కిటికీలా వెలుతురును ఆకు లోపలికి పంపుతుంది. అంటే ప్రతి గింజా తన నీటిని తానే దాచుకున్న చిన్న కుండ. అలాంటి దానికి రోజూ పొద్దున్నే నీళ్లు పోశామన్నమాట.

కుళ్లినదంతా తీసేస్తే బాగున్న తీగలు ఏడు మిగిలాయి. వాటిని బెత్తెడు ముక్కలుగా కత్తిరించి, మొదటి అంగుళంలో గింజలు తుంచి, కోసిన చివరలు ఆరడానికి రెండు రోజులు నీడలో కాగితం మీద ఉంచాను. ఈలోగా కుమ్మరి వీధి నుంచి లోతు లేని మట్టి మూకుడు ఒకటి తెచ్చాను. ఈ మొక్క వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి లోతైన కుండీలో కింది మట్టి ఊరికే తడిని పట్టుకొని కూర్చుంటుంది. మూకుడును రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున డ్రిల్లుతో నెమ్మదిగా మూడు రంధ్రాలు చేయించాను. పొడిగా ఉన్నప్పుడు చేస్తే పగిలే ప్రమాదం ఎక్కువ. మహేంద్రతనయ నది ఇసుకను ఒండ్రు పోయేదాకా నాలుగైదు సార్లు కడిగి రెండు పాళ్లు, శనగగింజంత ఇటుక ముక్కలు ఒక పాలు, మాగిన ఆకుల ఎరువు కలిసిన పెరటి మట్టి ఒక పాలు, గుప్పెడు బొగ్గు నలుసులు కలిపాను. గ్లాసు నీళ్లు పోస్తే పైన నిలవకుండా వెంటనే కింద కారిపోవాలి. మొదటిసారి నిలిచాయి, మరికొంత ఇసుక కలిపాను.

తీగ ముక్కలను గుచ్చలేదు. మట్టి మీద పడుకోబెట్టి, కణుపులు మట్టికి తగిలేలా జడపిన్నులు వంచి అదిమాను. రెండు మూడు రోజులకోసారి పైన మాత్రం తడి చిలకరించాను. మూడో వారంలో ఒక ముక్కను చూపుడువేలితో కొద్దిగా కదిపితే కదలలేదు. పిన్ను తీసి చూస్తే కణుపు దగ్గర తెల్లని వేరు, నూలుపోగంత, ఇసుకలోకి దిగి ఉంది. ఆ పూట అత్తయ్యగారిని పిలిచి చూపించాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు చూశారు.

వానాకాలంలో వెలుతురే అసలు సమస్య. మబ్బు పట్టిన రోజుల్లో కిటికీ పైభాగాన వేలాడే కుండీకి తీగల మీద వెలుతురు పడుతుంది గానీ, మట్టి మీదికి రాదు. దాంతో పైన బోడి పడుతుంది. అందుకని మూకుడును కిటికీ గట్టు మీదికి దించాను. గదిలో ఫ్యాను గాలి తగిలేలా చూశాను. ఆ అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా ఎంత నష్టపోయిందో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో మొక్క వైపు చూసే మనసు ఎవరికీ లేదు. దాదాపు మూడు వారాలు చుక్క నీరు పొయ్యకపోయినా అది నిలిచింది. కొద్దిగా ముడతపడిన గింజలు నీళ్లు పోసిన రెండో రోజుకు నిండుకున్నాయి. ఈ మొక్క ఓపిక మీద నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

ఇప్పుడు లెక్క రోజులను బట్టి కాదు. గింజను రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే గట్టిగా ఉన్నంతకాలం నీళ్లు పొయ్యను. మెత్తబడి, ఆ కిటికీ గీత సన్నబడినప్పుడు కింద కారేదాకా పోసి, పళ్లెంలో చేరినది పారబోస్తాను. చలికాలం పిండినల్లి పురుగు కణుపుల్లో దూదిలా కనిపిస్తే, స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడుస్తాను. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను: ఈ గింజలు విషపూరితం, కుక్కలకు, పిల్లులకు కూడా. మా ఆడపడుచు మూడేళ్ల కొడుకు ఒకసారి బఠాణీలనుకొని చెయ్యి చాచాడు. ఆ రోజే మూకుడును అందనంత ఎత్తైన కిటికీకి మార్చాను.

పోయిన ఆదివారం చూస్తే తీగలు మూరెడు దాటాయి, మధ్యలో మాత్రం అరచేయంత బోడి. అన్నిటికన్నా పొడవైన మూడు తీగలను పైకి మడిచి, ఆ ఖాళీలో చుట్టలుగా పరిచి, అవే పాత జడపిన్నులతో అదిమాను. వేళ్లు పట్టేదాకా మూకుడు మళ్లీ గట్టు మీదే ఉంటుంది, మేనల్లుడు వచ్చిన రోజున మాత్రం బీరువా పైన.