బల్లకు అవతలి మనిషి

మేం బీఏ చదివిన ఎనభైల్లో జనరల్ ఇంగ్లీషుకి నాన్‌డిటైల్‌గా చార్లెస్ డికెన్స్ నవల ‘ఆలివర్ ట్విస్ట్’ సంక్షిప్త ప్రతి ఉండేది. పరీక్ష గట్టెక్కడానికి బజారు గైడు, రెండు క్యారెక్టర్ స్కెచ్‌లు చాలు. మా ఇంగ్లీషు మాస్టారు మాత్రం ఆ పల్చటి పుస్తకం పట్టుకుని పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండునంతా మా ముందు పెట్టారు. మన కాలేజీ నీకేమిచ్చిందని ఎవరైనా అడిగితే నేను ముందు ఆ క్లాసులే చెబుతాను.

అనాథ పిల్లవాడు ఆలివర్ గంజి అడిగే ఘట్టం అందరికీ తెలుసు. ఆకలికి తాళలేక పిల్లలు చీట్లు వేసుకుంటారు. ఆలివర్ వంతు వస్తుంది. గిన్నె పట్టుకెళ్ళి ఇంకొంచెం పెట్టమంటాడు, గరిటెతో దెబ్బ తింటాడు. మాకందరికీ ఆ వడ్డించేవాడి మీద కోపం వచ్చింది. మాస్టారు అన్నారు: “వాడిది గరిటె వరకే. కొలత పెట్టిందెవరో చూడండి.”

కొలత పెట్టింది లోపల బల్ల చుట్టూ కూర్చున్న బోర్డు పెద్దలు. రోజుకు మూడుసార్లు పల్చటి గంజి, వారానికి రెండుసార్లు ఉల్లిపాయ, ఆదివారం అరముక్క రొట్టె అని తీర్మానం చేసింది వాళ్ళే. ఇది కథే కావచ్చు కానీ దాని వెనక నిజమైన చట్టం ఉంది. 1834లో బ్రిటిష్ పార్లమెంటు పేదల సహాయ చట్టాన్ని మార్చింది. ఒంట్లో సత్తువ ఉన్నవాడికి సాయం కావాలంటే వర్క్‌హౌస్‌లో, అంటే పని చేయించుకుని తిండీ నీడా ఇచ్చే పేదల శాలలో, చేరాలి. ఆలివర్ ఉన్నదీ అలాంటి చోటే. లోపలి బతుకు బయట అతి తక్కువ కూలి తెచ్చుకునేవాడి బతుకు కంటే హీనంగా ఉండాలన్నది సూత్రం. అలా ఉంటేనే నిజంగా గతిలేనివాడు తప్ప ఇంకెవరూ తలుపు తట్టరని వాళ్ళ లెక్క. చేరిన కుటుంబంలో భర్తను ఒక వార్డులో, భార్యను ఇంకో వార్డులో, పిల్లల్ని వేరేచోట ఉంచేవారు. చేయి చాచడాన్నే శిక్షగా మార్చిన ఆ చట్టం వచ్చిన మూడేళ్ళకు, 1837లో, డికెన్స్ ఈ నవలను సీరియల్‌గా మొదలుపెట్టాడు.

ఆయనకిది విన్న సంగతి కాదు. 1824లో తండ్రి అప్పు తీర్చలేక మార్షల్‌సీ జైలుకు వెళితే, పన్నెండేళ్ళ డికెన్స్ థేమ్స్ ఒడ్డున బూట్ పాలిష్ తయారుచేసే చోట డబ్బాలకు లేబుళ్ళు అంటించాడు. పేరు ప్రతిష్ఠలు వచ్చాక కూడా ఆ రోజుల గురించి లోకానికి చెప్పుకోలేదు. ఆయన చనిపోయాక స్నేహితుడు జాన్ ఫార్‌స్టర్ రాసిన జీవిత చరిత్రతో బయటపడింది. ఈ మాట చెప్పినరోజు మా క్లాసులో చాలామంది తలలు దించుకుని ఉన్నారు. సెలవుల్లో కూలికి వెళ్ళొచ్చి ఆ సంగతి ఎవరికీ చెప్పని వాళ్ళు మాలోనూ ఉన్నారు మరి.

1843లో వచ్చిన డికెన్స్ కథ ‘ఎ క్రిస్మస్ కెరోల్’ విషయంలో మాస్టారికీ మాకూ పెద్ద వాదనే జరిగింది. పేదల కోసం చందా అడగడానికి వచ్చిన పెద్దమనుషులను పిసినారి వ్యాపారి స్క్రూజ్ “జైళ్ళు లేవా? వర్క్‌హౌస్‌లు లేవా?” అని అడుగుతాడు. తన గుమాస్తా బాబ్ క్రాచిట్‌కి ఇచ్చేది వారానికి 15 షిల్లింగులు. ఒక్క రాత్రి ఆత్మలు కనపడేసరికి మనిషి మారిపోతాడు, క్రాచిట్ ఇంటికి టర్కీ కోడి పంపుతాడు, జీతం పెంచుతాడు. మాకు ఆ ముగింపు ఎంతో నచ్చింది. మాస్టారి ప్రశ్న ఒకటే: “ఆ రాత్రి ఆయనకు హాయిగా నిద్రపట్టి ఉంటే?” ఒక యజమాని మనసు కరగడం మీద ఒక కుటుంబం అన్నం ఆధారపడకూడదని ఆయన వాదన. అప్పట్లో నేను డికెన్స్ పక్షాన నిలబడ్డాను. మనసు కరగడంతోనే ఏదైనా మొదలవుతుందని ఇప్పటికీ నా నమ్మకం. అయితే అది మొదలు మాత్రమేనన్న ఆయన మాట కూడా ఇప్పుడు ఒప్పుకుంటాను.

నవలా రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్ గురించి ఆయన ఒక్క పీరియడే చెప్పారు కానీ అందులో ఒక లెక్క నాకు గుర్తుండిపోయింది. ‘నార్త్ అండ్ సౌత్’లో బెస్సీ అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయి పత్తి మిల్లులో పనిచేసి దూది నూగు పీల్చి ఊపిరితిత్తులు పాడై చావుకు దగ్గరవుతుంది. ఆ నూగును బయటికి లాగే చక్రం ఒకటి కొన్ని మిల్లుల్లో ఉంది. అయిదారు వందల పౌండ్లు అవుతుంది, లాభం మాత్రం తేదు. అందుకే ఎక్కువమంది యజమానులు పెట్టించరు. ఈ సంగతి బెస్సీయే ఏ కోపమూ లేకుండా చెబుతుంది. గాస్కెల్ మాంచెస్టర్‌లో ఒక మతబోధకుడి భార్య. కార్మికుల ఇళ్ళు దగ్గరగా చూసిన మనిషి కాబట్టే ఆ చక్రం ధర రాయగలిగింది.

సిలబస్‌లో లేని నాటకం ఒకటి మాస్టారు సొంత కాపీ ఇచ్చి మాచేత పాత్రలు పంచి చదివించారు. ప్రీస్ట్లీ రాసిన ‘ఏన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్’. 1912లో బ్రమ్లీ అనే కల్పిత పారిశ్రామిక పట్టణంలో, బర్లింగ్ అనే మిల్లు యజమాని ఇంట్లో నిశ్చితార్థం విందు. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఈవా స్మిత్ అనే అమ్మాయి క్రిమిసంహారక మందు తాగి చనిపోయిందని చెబుతాడు. ఒక్కొక్కరినీ ప్రశ్నిస్తాడు. బర్లింగ్ మిల్లులో ఆమెకు వారానికి 22 షిల్లింగుల 6 పెన్నీలు వచ్చేవి. 25 ఇమ్మని సమ్మె చేస్తే ఉద్యోగం తీసేశాడు. కూతురు షీలా బట్టల షాపులో ఆమె నవ్విందని ఫిర్యాదు చేసి అక్కడి పనీ పోగొట్టింది. కాబోయే అల్లుడు జెరాల్డ్ కొన్ని నెలలు ఉంచుకుని వదిలేశాడు. కొడుకు ఎరిక్ ఆమెను గర్భవతిని చేశాడు. ఎరిక్ సంగతి పక్కన పెడితే మిగతా నలుగురూ చట్టం దాటి ఏమీ చేయలేదు. కేసు పెట్టడానికి ఏమీ లేదు. ఈ మాట మాస్టారు ఎంత నెమ్మదిగా చెప్పారో నాకింకా గుర్తుంది.

ఆ నలుగురిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మిసెస్ బర్లింగ్. ఆమె ఊళ్ళో మహిళల దాతృత్వ సంఘంలో పెద్ద. గర్భవతి అయిన ఈవా చివరి ఆశగా వచ్చింది ఆ సంఘం బల్ల ముందుకే. వచ్చి తన పేరు మిసెస్ బర్లింగ్ అని చెప్పడం ఈమెకు కంపరం పుట్టించింది. బిడ్డ తండ్రి ఇస్తున్నది దొంగసొమ్మని తెలిశాక ఇక తీసుకోలేదని ఈవా నిజమే చెప్పింది. అలాంటి అమ్మాయికి అంత నీతి ఎక్కడిదని ఈమె నమ్మలేదు. సాయానికి అర్హురాలు కాదని తేల్చి, మిగతా సభ్యులనూ ఒప్పించింది. ఆలివర్ కథలో బోర్డు గదికీ ఈ కమిటీకీ మధ్య డెబ్బై అయిదేళ్ళు గడిచాయి. బల్ల మాత్రం అదే. అటు కూర్చున్నవాళ్ళు ఇటు నిలబడిన మనిషి గుణం తూకం వేస్తూనే ఉన్నారు.

ప్రీస్ట్లీ బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని పరిశ్రమలో గుమాస్తాగా పనిచేసి, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి గాయపడి వచ్చినవాడు. ఈ నాటకం 1945లో సోవియట్ యూనియన్‌లో, 1946లో లండన్‌లో ప్రదర్శించారు. ఆ 1945లోనే బ్రిటన్‌లో లేబర్ ప్రభుత్వం వచ్చింది. 1948లో అందరికీ ఉచిత వైద్య సేవ మొదలైంది. పేషెంటు మంచివాడా చెడ్డవాడా అని అడగని ఆసుపత్రి అన్నమాట. నాటకం వల్లే ఇదంతా జరిగిందని నేననను. కానీ ఆ ప్రేక్షకులు బయట ఓటేసిన విషయమే లోపల రంగస్థలం మీద చూశారు.

ఇదంతా ఈ సంచికలో ఎందుకంటే, మన పూర్వ విద్యార్థుల సంఘం ఏటా ఇచ్చే ఫీజు సాయం కమిటీలో నేనూ కూర్చుంటున్నాను. ఇచ్చేవాళ్ళు మంచివాళ్ళు, మనవాళ్ళే. అయినా దరఖాస్తులో “ఈ సాయానికి మీరు ఎందుకు అర్హులు?” అని అరపేజీ ఖాళీ ఉంది. ఫస్టియర్ అమ్మాయి ఒకామె అందులో తండ్రి తాగుడు గురించి, తల్లి రోగం గురించి రాసింది. ఇంటర్వ్యూలో అవే మళ్ళీ మా అందరి ముందు చెప్పించాం. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల బల్ల అంచునే చూస్తోంది. తర్వాత చెక్కు అందుకుంటూ స్టేజీ మీద ఫొటో.

వచ్చే సర్వసభ్య సమావేశంలో నేను ఈ తీర్మానం పెడుతున్నాను. ఆ అరపేజీ తీసేద్దాం. ఆదాయ ధ్రువపత్రం, మార్కుల మెమో చాలు. ఇంటర్వ్యూ వద్దు, స్టేజీ వద్దు. డబ్బు పరీక్ష ఫీజు గడువుకు ముందే నేరుగా విద్యార్థి ఖాతాలో పడాలి. ఎవరికి వచ్చిందో ఆఫీసులో ఒక్కరికి తప్ప తెలియనక్కర్లేదు. అభ్యంతరాలుంటే సమావేశానికి ముందే నాకు రాయండి, మాట్లాడుకుందాం. మాస్టారి దగ్గర చదివిన ప్రతి బ్యాచ్ వాళ్ళూ ఆరోజు రావాలని నా కోరిక.