మూడు కొండల కింద రేవు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

నాన్న మోకాళ్లకు నూనె రాసి ఇప్పుడే వచ్చి కూర్చున్నాను. ఆయన గదిలో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. డెబ్బై ఏడేళ్ల మనిషిని పొద్దున ఆరున్నర నుంచి పదిన్నర దాకా నడిపించానని అమ్మ సాయంత్రం దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

విశాఖ పాతనగరంలో ఆదివారాలు వారసత్వ నడకలు జరుగుతున్నాయని మా స్కూల్లో సైన్సు టీచరు చెప్పింది. మనిషికి రెండు వందలు కట్టాలి. ఇరవై మందిని ఒక జట్టుగా చేర్చి, ఒక కుర్రాడు ముందు నడుస్తూ వీధుల కథ చెబుతాడు. నేను పద్నాలుగేళ్లు పెరిగిన వీధులవి. కోటవీధిలో అద్దెకుండేవాళ్లం. తర్వాత నాన్నకు పోర్టు క్వార్టర్స్ వచ్చాయి, ఆ తర్వాత మధురవాడలో ఇల్లు కట్టుకున్నాం. అంతే, ఆ వైపు వెళ్లడం పెళ్లిళ్లకు పసుపు కుంకుమలు కొనడానికీ, మార్గశిరంలో అమ్మవారి దర్శనానికీ మాత్రమే. నేను వెళ్తానంటే నాన్న, "నేనూ వస్తాను తల్లీ" అన్నారు. ఎందుకని అడగలేదు.

మధురవాడ నుంచి మొదటి బస్సు పట్టుకుని పాత పోస్టాఫీసు దగ్గర దిగాం. గాలిలో చలి ఉంది. బస్టాపు పక్కన ఒకామె అప్పుడే తేగల కట్టలు దించుకుంటోంది. మా జట్టులో అందరూ కొత్త ఊరివాళ్లే. సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేసే ఓ నలుగురు పిల్లలు, సీతమ్మధార నుంచి భార్యాభర్తలు, నాలుగో తరగతి చదివే కొడుకుతో ఒకాయన. నడిపించే అబ్బాయికి పాతికేళ్లుంటాయేమో. నాన్నను చూడగానే చెయ్యి పట్టుకుని, "తాతగారూ, మీరు నా పక్కనే నడవండి, మీ అడుగును బట్టే నడుద్దాం" అన్నాడు. అక్కడే ఆ కుర్రాడంటే నాకు అభిమానం కలిగింది.

విక్టోరియా రాణి విగ్రహం దగ్గర మొదలుపెట్టాం. చిన్నప్పుడు మేము రాణీబొమ్మ అనేవాళ్లం. అది ఏ రాణి బొమ్మో నాకు హైస్కూలుకు వచ్చేదాకా తెలియదు. ఆ అబ్బాయి అక్కడ విగ్రహం గురించి రెండు మాటలే చెప్పి, పేర్ల గురించి ఎక్కువ చెప్పాడు. నాకు బాగా నచ్చిన సంగతి అది. కోట లేదు, కోటవీధి ఉంది. బురుజు లేదు, బురుజుపేట ఉంది. సిపాయిలు లేరు, సోల్జర్‌పేట ఉంది. పదిహేడో శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీవాళ్లు ఇక్కడ బట్టల వ్యాపారానికి దిగి కోట కట్టుకున్నారు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చి దాన్ని పట్టుకున్నాడు. 1780లో హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసు వెళ్లాలి, ఓడ ఎక్కండి అని అధికారులు అంటే, ఇక్కడి సిపాయిలు "మేం ఎక్కం" అన్నారు, ఎదురు తిరిగారు. 1857 తిరుగుబాటుకు డెబ్బై ఏడేళ్ల ముందు. నేను ఇరవై రెండేళ్లుగా సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. మీరట్ గురించి ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. మా ఊరి సిపాయిల సంగతి ఒక్కసారీ చెప్పలేదు. రేపే ఎనిమిదో తరగతికి చెబుతాను.

సెయింట్ ఎలోషియస్ స్కూలు ముందు ఎక్కువసేపు ఆగలేదు. 1847 నాటి బడి. తండ్రి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెబుతుంటే సి.వి.రామన్ ఇక్కడే చదివి, పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ పూర్తి చేశాడట. ఆ నాలుగో తరగతి పిల్లవాడు వేళ్ల మీద లెక్క వేసుకుని, "అయితే నాకింకా రెండేళ్లు టైముంది" అన్నాడు. వాడి తండ్రి వాడి తల నిమిరాడు.

కురుపాం మార్కెట్లో నడుస్తుంటే జట్టు చెదిరిపోయింది. ఇత్తడి సామాన్ల దగ్గర సగం మంది ఆగిపోయారు. నేను కూడా అమ్మకు రెండు ప్రమిదలు కొన్నాను. మార్కెట్ ఆర్చి మీద మొలిచిన రావి మొక్కను చూస్తే బాధ వేసింది. మొక్క చిన్నదే. చిన్నగా ఉన్నప్పుడే పీకేస్తే గోడ బతుకుతుంది, వేరు లోపలికి దిగాక ఇక ఎవరూ ఏమీ చేయలేరు.

బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర మాత్రం ఎవరూ తొందరపెట్టకపోతే బాగుండుననిపించింది. మార్గశిర గురువారాలైతే అడుగు పెట్టడానికి సందుండదు. ఆదివారం కాబట్టి వరుస త్వరగానే కదిలింది. అమ్మవారికి పైకప్పు లేదు. ఎండ పడుతుంది, వాన పడుతుంది. ఎడమ చెయ్యి మోచేతి దాకానే ఉంటుంది. శత్రువులు వచ్చినప్పుడు రాజులు విగ్రహాన్ని బావిలో దాచారనీ, 1912లో అది బయటపడిందనీ, 1917లో రోడ్డు వెడల్పు చేయడానికి విగ్రహాన్ని పక్కకు జరిపితే ఊళ్లో మహమ్మారి వచ్చిందనీ, తిరిగి చోటికి చేర్చాకే తగ్గిందనీ చెప్పుకుంటారు. నాయనమ్మ నోట నేను విన్న కథ కూడా ఇదే. ఆ అబ్బాయి సరిగ్గా అదే వరుసలో చెబుతుంటే నాన్న తల ఊపుతూ విన్నారు.

ఇక్కడ పూజ మనమే చేసుకోవచ్చు. మధ్యలో ఎవరూ ఉండరు. నీళ్లు పోసి, పసుపు అద్ది, కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకుని పక్కకు తప్పుకోవాలి. నా ముందు ఒకామె, చేతులు చూస్తే చేపల వ్యాపారం చేసే మనిషిలా ఉంది, పసుపు ముద్దను గుప్పిట్లో నలిపి అమ్మవారి చెంపలకు రాసింది. పెళ్లికూతురికి రాసినట్టు, గడ్డం పట్టుకుని, ఒక్కో వైపూ తిప్పి చూసుకున్నట్టు రాసింది. విగ్రహం తిరగదు, ఆమే తన తల అటూ ఇటూ తిప్పుకుంది. తర్వాత అదే చేతిని తన మంగళసూత్రానికి తుడుచుకుని వెళ్లిపోయింది. ఆమె వెనక నేను. రాయి చల్లగా, నూనె పట్టి నున్నగా ఉంది. ఇప్పుడు రాస్తుంటే కూడా నా గోళ్ల సందుల్లో ఆ పసుపు ఉంది.

సాఫ్ట్‌వేరు అమ్మాయి ఒకతె నన్ను అడిగింది, "ఆంటీ, మేమూ ముట్టుకోవచ్చా?" అని. ముట్టుకోవచ్చమ్మా, అందరూ ముట్టుకోవచ్చు అన్నాను. ఆ మాట చెప్పగలిగినందుకు నాకు గర్వంగా అనిపించింది. మా ఊరి దేవత గురించి నేను చెప్పదగిన అన్నిటికన్నా మంచి మాట అదే అనుకుంటాను.

బయటికి వచ్చాక ఒక అరుగు మీద కూర్చుని పులిబొంగరాలు తిన్నాం. అక్కడ ఆ అబ్బాయి ఒక ఫోటో చూపించాడు. దంతం తాపడం చేసిన పెట్టె. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడి పనివాళ్లు నల్లచేవ, గంధపు చెక్క మీద ఏనుగు దంతం పరిచి, సన్నటి గీతలు చెక్కి, ఆ గీతల్లో లక్క నింపేవాళ్లు. దొరలు వాటిని ఓడల్లో తీసుకుపోయారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి అలాంటివి. ఫోటో కింద ఊరి పేరు ఉంది, చేసిన మనిషి పేరు లేదు.

బొబ్బిలి మహారాజు కట్టించిన టౌన్ హాల్ దగ్గర ఐదు నిమిషాలే. 1904 నాటి భవనం, సముద్రం వైపు చూస్తూ ఉంటుంది. 1804లో ఫ్రెంచి ఓడలకూ ఇంగ్లీషు ఓడకూ ఈ తీరం ఎదుటే యుద్ధం జరిగిందని చెప్పాడు. అక్కడి నుంచి కోటవీధిలోకి తిరిగాం. మేమున్న ఇల్లు లేదు. పెంకుటిల్లు ఉన్నచోట మూడంతస్తుల మేడ. పక్కింటి అరుగు మాత్రం అలాగే ఉంది. నాన్న ఆ అరుగు మీద ఒక నిమిషం కూర్చుని లేచారు. ఏమీ అనలేదు.

రాస్ హిల్ ఎక్కడం ఆయనకు కష్టమయింది. మూడుచోట్ల ఆగాం. ఇక్కడ పక్కపక్కనే మూడు కొండలు. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. మూడింటి కిందా ఓడలు లోపలికి వచ్చే సన్నటి కాలువ. కాలువకు అటువైపు డాల్ఫిన్స్ నోస్ కొండ. మతసామరస్యం అని ఆ అబ్బాయి అన్నాడు. ఆ మాట నిజమే, కానీ పాఠ్యపుస్తకాల్లో రాసీ రాసీ అరిగిపోయిన మాట. అసలు సంగతి నాన్న చెప్పారు.

"మా అమ్మ మూడు కొండలూ ఎక్కేది బాబూ. భక్తి అని కాదు, భయంతో. వాళ్ల నాన్న రంగం పోయాడు."

రంగం అంటే ఏమిటని పిల్లలు అడిగారు. రంగూన్. మన ఉత్తరాంధ్రలో అందరూ అలాగే అనేవారు. పని లేక, పంట లేక, ఊళ్లకు ఊళ్లు బర్మా వెళ్లాయి. నాయనమ్మకు పదేళ్లప్పుడు, 1932లో, ఆమె తండ్రి వెళ్లాడు. అప్పటికింకా హార్బరు తెరవలేదు. స్టీమరు దూరంగా నీళ్లలో ఆగేది. మేకు అన్నది లేకుండా కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టిన పడవల్లో అలలు దాటించి మనుషుల్ని దాని దగ్గరికి చేర్చేవారు. మేకులు కొట్టిన పడవైతే అలల దెబ్బకు పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగుతుంది, అందుకని. మరుసటి ఏడు, 1933 అక్టోబరు 7న, జలదుర్గ అనే ఓడ తొలిసారి లోపలి దాకా వచ్చింది. వాళ్ల నాన్న కూడా అలాగే నేరుగా గట్టు మీదికి దిగుతాడని నాయనమ్మ అనుకునేదట. కన్యామరియమ్మకు కొవ్వొత్తి, బాబాకు చాదర్, స్వామికి కొబ్బరికాయ. ఎవరు తెస్తే వాళ్లకే మొక్కు.

ఆయన ఓడలో రాలేదు. 1942లో జపానువాళ్లు రంగూన్ పట్టుకుంటే, వేలమందితో కలిసి అడవుల్లో పడి నడిచి వచ్చాడు. ఆ ఏప్రిల్ 6న విశాఖ మీద కూడా బాంబులు పడ్డాయి. ఊరు ఖాళీ అయింది. ఆయన వచ్చేసరికి కోటవీధిలో తలుపు తీసేవాళ్లు లేరు. చోడవరం వైపు చుట్టాలింట్లో తలదాచుకున్న కూతుర్ని వెతుక్కుంటూ మళ్లీ నడిచాడు. ఈ చివరి ముక్క నేనెప్పుడూ వినలేదు. ఇంట్లో నలభై ఏళ్లుగా చెప్పని మాట, పరాయి పిల్లల ముందు, కొండమీద, రొప్పుతూ చెప్పారు.

లోపలికి వచ్చే ఓడలు బాబా దర్గాకు ఎదురుగా జెండాను మూడుసార్లు దించి ఎత్తే ఆనవాయితీ ఉండేదని ఆ అబ్బాయి అన్నాడు. పడవలు నడిపే పాత సరంగులు ఆ మాట చెప్పేవారని నాన్న అన్నారు. నాన్న పెద్ద ఓడల్ని తాళ్లతో లాగే టగ్గు పడవల మీద కళాసీగా చేరి సరంగుగా రిటైరయ్యారు. సరిగ్గా అప్పుడే బయటి నుంచి ఒక ఓడ కాలువలోకి ముక్కు పెట్టింది. ఇక చెప్పాలా! నాన్న కర్ర ఎత్తి చూపిస్తూ, పిట్టగోడకు చేరబడి మొదలుపెట్టారు. ఓడ బయట లంగరు వేసి ఉంటుంది, పైలెట్ చిన్న లాంచీలో వెళ్లి తాడు నిచ్చెన మీద ఎక్కుతాడు, ఎంత పెద్ద కెప్టెన్ అయినా ఇక్కడి నీళ్లు తెలిసిన మనిషి మాట వినాల్సిందే. ముందొక టగ్గు, వెనకొక టగ్గు. వెనక టగ్గు పని లాగడం కాదు, ఆపడం. అంత బరువు ఒకసారి కదిలితే తనంతట తాను ఆగదు. తాడు బిగిసినప్పుడు సన్నగా పాడుతుంది, ఆ పాట హెచ్చిందంటే అందరూ పడుకోవాలి, తెగిందంటే మనిషిని రెండు ముక్కలు చేస్తుంది.

పిల్లవాడు అడిగాడు, "మీకెప్పుడైనా తెగిందా తాతా?"

"రెండుసార్లు" అన్నారు నాన్న.

నడిపించే అబ్బాయి తన మైకు ఆపేసి సంచిలో పెట్టుకున్నాడు. ఓడ డాల్ఫిన్స్ నోస్ నీడలోంచి దాటి లోపలికి తిరిగేదాకా ఎవరూ కదల్లేదు.

దిగేటప్పుడు నా భుజం పట్టుకుని దిగారు. బస్సులో కునుకు తీశారు. ఇంటికొచ్చి అన్నం తిని పడుకుని, లేచాక అమ్మతో ఓడ గురించే మాట్లాడారు, మోకాళ్ల గురించి కాదు.

ఇంత రాశాక ఆయన గదిలోంచి పిలుపు. "తల్లీ, వచ్చే ఆదివారం భీమిలి అన్నాడు కదా ఆ అబ్బాయి. ఎన్ని గంటలకట?"