అరువు ఆటగాడిని ఆఖరి వారంలో లాక్కుంటే

బెంగళూరులో, ముఖ్యంగా ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల, మా తెలుగువాళ్లలో చాలామందికి జీతమిచ్చేది ఒక సంస్థ, రోజూ వెళ్లి పనిచేసేది మరో సంస్థ ఆఫీసులో. అందువల్లనే కాబోలు, ఫుట్‌బాల్ క్లబ్బులు ఆటగాళ్లను లోన్ మీద, అంటే ఒప్పందం సొంత క్లబ్బుతోనే ఉంచి ఆట మాత్రం కొంతకాలం మరో క్లబ్బుకు ఆడేలా, ఇచ్చిపుచ్చుకునే నిబంధనలు మాకు ఎవరూ విడమరచి చెప్పకుండానే అర్థమవుతాయి. మేముండే పీజీ హాస్టల్లో అనంతపురం కుర్రాళ్లే ఎక్కువ. అక్కడి స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వారి స్పోర్ట్స్ విలేజ్ మైదానాలను చూస్తూ పెరిగినవాళ్లు కనుక వాళ్లకు ఈ ఆట కొత్త కాదు.

2019 మే 27న ఆస్టన్ విల్లా, డెర్బీ కౌంటీ జట్ల మధ్య లండన్‌లోని వెంబ్లీలో జరిగిన ఛాంపియన్‌షిప్ (ఇంగ్లండ్ రెండో శ్రేణి లీగ్) ప్లేఆఫ్ ఫైనల్‌ను ఈ విషయంలో నేను ఎప్పుడూ ఉదాహరణగా చూపిస్తాను. 24 జట్లు తలా 46 మ్యాచ్‌లు ఆడిన తర్వాత మొదటి రెండు నేరుగా పై శ్రేణి అయిన ప్రీమియర్ లీగ్‌కు వెళ్లగా, మిగిలిన ఒక్క చోటు కోసం జరిగిన పోరాటమది. విల్లా తరఫున లోన్ మీద దిగిన టామీ అబ్రహం చెల్సీ ఆటగాడు, తువాన్‌జెబె మాంచెస్టర్ యునైటెడ్ వాడు, మింగ్స్ బోర్న్‌మత్ వాడు, తొలి గోల్ కొట్టిన ఎల్ ఘాజీ లీల్ వాడు. డెర్బీ వైపు మౌంట్, తొమోరీ కూడా చెల్సీ వాళ్లే, హ్యారీ విల్సన్ లివర్‌పూల్ వాడు. విల్లా 2-1తో గెలిచింది. సరిగ్గా రెండు రోజుల తర్వాత చెల్సీకి బాకూలో యూరోపా లీగ్ ఫైనల్ ఉంది. డిఫెండర్ రూడిగర్, మిడ్‌ఫీల్డర్ లోఫ్టస్-చీక్ ఇద్దరూ గాయాలతో దూరమయ్యారు. అవే స్థానాల్లో ఆడే తొమోరీ, మౌంట్ మాత్రం వెంబ్లీలో డెర్బీ చొక్కాలో ఉన్నారు. సొంత క్లబ్ తలచుకున్నప్పుడల్లా వెనక్కి పిలిపించుకోవచ్చని నిబంధన ఉండి ఉంటే ఆ ఫైనల్‌కు అర్థమేముండేది?

ఇంగ్లండ్‌లో ఒకప్పుడు 28 నుంచి 93 రోజుల వరకు సాగే అత్యవసర లోన్‌లు ఉండేవి. 2016-17 సీజన్ నుంచి వాటిని తీసేశారు, ఒక్క గోల్‌కీపర్ల విషయంలో ఏడు రోజుల సర్దుబాటు మాత్రం మిగిల్చారు. ఇప్పుడు ఒప్పందంలో ముందే రాసుకుంటే జనవరి బదిలీల సమయంలో పిలిపించుకోవచ్చు. ఆ గడువు దాటాక, అంటే ప్లేఆఫ్స్ వేడెక్కే ఏప్రిల్, మే నెలల్లో, ఆటగాడు ఉన్నచోటనే ఉంటాడు. ఫీఫా 2022 జూలై నుంచి అమలుచేసిన నియమాలు కూడా లోన్ కనీస కాలం ఆటగాళ్లను నమోదు చేసుకునే రెండు గడువుల మధ్య వ్యవధి అనీ, గరిష్ఠంగా ఒక సంవత్సరమనీ తేల్చి చెప్పాయి. లోన్ మీద వచ్చినవాణ్ణి మరో క్లబ్బుకు మళ్లీ లోన్ ఇవ్వడాన్నీ నిషేధించాయి. నా దృష్టిలో అన్నిటికన్నా మంచి నియమం ఇదే.

మా సాఫ్ట్‌వేర్ రంగంలో మనిషిని వెనక్కి పిలవడానికి జనవరి లాంటి గడువేదీ లేదు. మా పీజీలోని ఒక తమ్ముడు ఎనిమిది నెలలు ఒక బ్యాంకు ప్రాజెక్టులో పాత లెక్కలన్నిటినీ కొత్త సిస్టమ్‌లోకి మార్చే పని భుజాన వేసుకున్నాడు. ఏ ఖాతా ఎక్కడ తేడా కొడుతుందో వాడికి కంఠతా వచ్చు. గో-లైవ్‌కు, అంటే కొత్త సిస్టమ్ వాడకంలోకి వచ్చే రోజుకు, వారం ముందు, ఒక గురువారం సాయంత్రం, వాడి కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. "అన్నా, సోమవారం నుంచి చెన్నైకి పొమ్మంటాండారు. ఇంగ వారంలో గో-లైవ్ పెట్టుకోని నన్ను తీసేస్తే అక్కడ ఎవురు చూస్తారన్నా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. క్లయింటు మేనేజరు బతిమాలినా కంపెనీ వినలేదు. గో-లైవ్ అయ్యాక వచ్చిన అభినందనల మెయిల్‌లో వాడి పేరు లేదు.

వెనక్కి పిలిచే హక్కు అసలే ఉండకూడదని నేను అనను. జీతమిచ్చే సంస్థకూ అవసరాలుంటాయి, చెల్సీకి ఉన్నట్టే. కానీ ఆ హక్కుకు ఒక తేదీ ఉండాలి, ఆ తేదీ మొదటి రోజునే మనిషికి తెలియాలి. ఫుట్‌బాల్‌లో జనవరి గడువు చేస్తున్న పని అదే. డిప్యుటేషన్ మీద పంపేటప్పుడు రాసుకునే కాగితంలో, ప్రాజెక్టు చివరి రెండు నెలలు క్లయింటు, ఉద్యోగి ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ఎవరినీ కదపరాదని ఒక్క వాక్యం చేరిస్తే, ఆ తమ్ముడు గో-లైవ్ రాత్రి తన సీట్లోనే ఉండేవాడు.