గ్రహణం రోజు నానమ్మ చూసిన టీవీ

శ్రీకాకుళం, ఆదివారం

పొద్దున్నుంచీ ముసురు. దసరా సెలవులు ఇంకా అయిపోలేదు కాబట్టి మా చిన్నమ్మాయి ఆలస్యంగా లేచి, లేస్తూనే టీవీ పెట్టింది. విశ్వం గురించి 2014లో వచ్చిన ‘కాస్మోస్’ కార్యక్రమం, ఖగోళ శాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్ చెప్పినది, మొదటి భాగం. వాన వల్ల నాన్న వాకింగ్‌కి వెళ్లలేదు. కుర్చీ లాక్కుని దాని పక్కనే కూర్చున్నారు. కాసేపయ్యాక, "అప్పట్లో చెప్పినాయన ఈయన కాదు కదమ్మా?" అన్నారు.

కాదు. నాన్న చూసింది ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ చెప్పిన పాత కాస్మోస్. అమెరికాలో 1980లో వచ్చింది, మొత్తం 13 భాగాలు. తర్వాత మన దూరదర్శన్‌లో కూడా వేశారు. నాన్న ఆర్టీసీలో కండక్టరు. డ్యూటీ లేనప్పుడు ఎదురింటి వాళ్ల బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు కూర్చుని చూసేవారు. ఆ ఇంగ్లీషు సగం కూడా తెలిసేది కాదట. అయినా వదిలేవారు కాదు. పదో భాగంలో సేగన్ తమిళనాడు వచ్చి పొంగల్ పండగ, చోళుల నాటి నటరాజ విగ్రహం చూపిస్తాడు. బ్రహ్మకి ఒక పగలూ రాత్రీ కలిపితే 864 కోట్ల సంవత్సరాలని లెక్క చెబుతాడు. మన పంచాంగంలో ఉండే లెక్కలు ఆకాశం గురించిన అమెరికా కార్యక్రమంలో వినిపించేసరికి నాన్న పొంగిపోయారు. ఆ మాట ఇప్పటికీ చెబుతుంటారు.

ఈ పూట ఆయన్ని కదిలించింది మాత్రం భాగం చివర్లో టైసన్ చెప్పుకున్న సొంత సంగతి. 1975 డిసెంబరు. టైసన్‌కి 17 ఏళ్లు, న్యూయార్క్‌లోని బ్రాంక్స్ కుర్రాడు. కార్నెల్ యూనివర్సిటీలో సీటుకి దరఖాస్తు పెట్టుకుంటే, అక్కడ పాఠాలు చెప్పే సేగన్ స్వయంగా ఉత్తరం రాసి, ఒక శనివారం రమ్మని పిలిచాడు. తన ల్యాబ్ అంతా తిప్పి చూపించాడు. పుస్తకం మీద సంతకం చేసి ఇచ్చాడు. సాయంత్రం మంచు పడుతుంటే కారులో బస్టాండుకి తీసుకెళ్లి దింపాడు. బస్సు కదలకపోతే ఫోన్ చెయ్యి, రాత్రికి మా ఇంట్లో ఉండు అని కాగితం ముక్క మీద ఇంటి నంబరు రాసిచ్చాడు. చిన్నది ఇదంతా తెలుగులో చెబుతుంటే నాన్న మధ్యలోనే ఆపారు. "బస్సు లేకపోతే ఇంటికి రమ్మన్నాడా! అంత పెద్ద మనిషి!" ఆఖరి బస్సు తప్పిపోయి స్టాండులో కూర్చుండిపోయిన పిల్లలు ఎంతమందిని చూశారో ఆయన. కాసేపు మరి మాట్లాడలేదు.

నాకు మాత్రం 1995 గుర్తొచ్చింది. అక్టోబరు 24, దీపావళి మర్నాడు. అప్పటికి మా ఇంట్లోకి టీవీ వచ్చింది. పొద్దున్నే సూర్యగ్రహణం. మనకి పాక్షికమే. సంపూర్ణంగా కనపడేది రాజస్థాన్ నుంచి బెంగాల్ దాకా సన్నటి దారిలో. నానమ్మ పట్టుస్నానం చేసేసి, తలుపులూ కిటికీలూ మూయించి, బిందెల మీద, ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, విడుపు దాకా ఎవరూ గడప దాటకూడదని చెప్పింది. ఆవిడ మాటంటే మాటే. నాన్న ఎదురు చెప్పలేదు. తలుపులు మూసి ఉండగానే దూరదర్శన్ పెట్టారు.

భౌతిక శాస్త్రవేత్త ప్రొఫెసర్ యశ్‌పాల్ లైవ్‌లో మాట్లాడుతున్నారు. అంతకుముందు దూరదర్శన్ సైన్సు కార్యక్రమం ‘టర్నింగ్ పాయింట్’లో జనం రాసిన ప్రశ్నలకి జవాబులు చెప్పేది ఆయనే. నానమ్మ మొదట అటు చూడలేదు. తెర మీద సూర్యుడు సన్నబడుతుంటే తల తిప్పింది. పూర్తిగా కప్పేసి, మళ్లీ ఒక అంచున వెలుగు చుక్కలా మెరిసేసరికి లేచి నిలబడిపోయింది. "ఓలమ్మో! సూరీడికి ఉంగరం తొడిగినట్టుందేటిరా!" అంది. నిమిషం అటూ ఇటూగా అంతే, అయిపోయింది. ఆవిడ రెండు చేతులూ జోడించుకునే ఉంది. తర్వాత అడిగింది: "ఆ జనాలందరూ బయటికొచ్చి సూస్తన్నారు, ఆళ్లకేటీ అవదా?" "ఏటీ అవదమ్మా, అద్దాలెట్టుకున్నారు" అన్నారు నాన్న. ఆవిడ విడుపుస్నానం మానలేదు, మానమని ఎవరూ అడగనూ లేదు. కానీ 1999 ఆగస్టులో సాయంత్రం పూట గ్రహణం వచ్చినప్పుడు, టీవీ పెట్టమని పిలిచింది ఆవిడే.

ఇప్పుడు చిన్నదాని ఫోన్‌లో అంతకు వంద రెట్లు సమాచారం ఉంది. దాన్ని నేను తక్కువ చెయ్యను. అయినా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కతే చూసినప్పుడు ఆ ముచ్చట దానిలోనే ఉండిపోతుంది. పక్కన ఒకరు "ఓలమ్మో" అన్నప్పుడే అది ఇంకొకరికి అంటుకుంటుంది. చంద్రయాన్-3 దిగిన రోజు, 2023 ఆగస్టు 23 సాయంత్రం, మా వీధిలో అన్ని ఇళ్లలోంచీ ఒకేసారి కేకలు వినపడ్డాయి. సేగన్ లాగా కూర్చోబెట్టి తీరిగ్గా చెప్పే కార్యక్రమం తెలుగులో, మన మాటలో రావాలని నా కోరిక. నాన్న లాంటి వాళ్లకి ఆ మిగతా సగం కూడా అందాలి.

భోజనాల దగ్గర ఈ కబుర్లు మా అరసవల్లి సూర్యదేవుడి గుడి మీదికి మళ్లాయి. మార్చి రెండో వారం మొదట్లో, అక్టోబరు మొదట్లో పొద్దున్నే సూర్యకిరణాలు గాలిగోపురం నుంచి అనివెట్టి మండపం మీదుగా వెళ్లి స్వామి పాదాల మీద పడతాయి కదా. మరి ఆ రెండు నెలలే ఎందుకని నాన్న అడిగారు. చిన్నది అన్నం కలుపుతూనే లెక్క కట్టింది. మార్చి 20, 21 ప్రాంతంలోనూ, సెప్టెంబరు 22, 23 ప్రాంతంలోనూ సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు. మొదటి దానికి పది రోజులు ముందు, రెండో దానికి పది రోజులు తర్వాత అంటే రెండుసార్లూ తూర్పుకి కాస్త దక్షిణంగా ఒకే చోట పొడుస్తాడు. అందుకే అదే వాకిలి, అదే దారి. "అయితే కట్టినోళ్లు ఆ చోటు చూసుకునే కట్టారంటావా?" అన్నారు నాన్న. ఏళ్ల తరబడి పొద్దు పొడిచే చోటు గమనిస్తే తెలిసిపోతుంది తాతా అంది అది.

ఈసారి అక్టోబరు రోజులు ముసురులో పోయాయి. మార్చిలో దానికి పరీక్షలు. ఒక్క పొద్దున పుస్తకాలు పక్కన పెట్టినా నష్టం లేదని చెప్పేశాను. జనం తెల్లారకముందే క్యూ కట్టేస్తారు. నాన్న మోకాళ్లకి అంతసేపు నిలబడటం కష్టం. మడత కుర్చీ ఒకటి కొనాలి.