అమ్మ కడుపునిండా నీళ్లు తాగిన ప్రయాణం

దూర ప్రయాణమంటే మా అమ్మ ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తుంది. మోకాళ్ల నొప్పుల వల్ల కింద కూర్చోవడం ఆమె వల్ల కాదు. దారిలో మరుగుదొడ్డి దొరుకుతుందో లేదో, దొరికినా శుభ్రంగా ఉంటుందో లేదోనన్న భయంతో పెదవులు తడుపుకొని సీసా మూత పెట్టేస్తుంది. ఆ ఇబ్బంది పడలేక పెళ్లిళ్లకూ తీర్థయాత్రలకూ రావడమే మానుకుంది. మన ఇళ్లలో ఎందరో ఆడవాళ్లు ఇలాగే గొంతు ఎండబెట్టుకొని ప్రయాణాలు చేస్తున్నారు. పడకలు, వంటగట్టు, మరుగుదొడ్డి లోపలే ఉండే క్యాంపర్ వ్యాన్‌ను మేము కొనడానికి ఇదే అసలు కారణం.

ఒకరు సొంతానికి తయారు చేయించుకొని అమ్మకానికి పెట్టిన ఫోర్స్ ట్రావెలర్ అనే పెద్ద వ్యాన్‌ను కొన్నాము. చూసిన బండ్లలో కొన్ని లోపల ఎంతో అందంగా ఉన్నా ఆర్.సి.లో మాత్రం ఇంకా మామూలు ప్యాసింజర్ బండ్లుగానే ఉన్నాయి. సీట్లు తీసేసి మంచాలు, వంటగట్టు బిగించడం మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ కిందకు వచ్చే మార్పు కాబట్టి, రవాణా శాఖ ఆమోదం లేని బండికి ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ వచ్చే అవకాశం ఉంది. ఇలాంటి బండ్లకు, అంటే మోటారు కారవాన్లకు, ఏ.ఐ.ఎస్. 124 అనే వాహన పరిశ్రమ ప్రమాణం కూడా ఉంది. అందుకే ఆర్.సి.లో బాడీ రకం సరిగ్గా నమోదైన బండినే ఎంచుకున్నాము. కొనదలచినవారు పరుపులకన్నా ముందు కాగితాలు చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

లోపల ఉన్నవి కొద్దిపాటి వసతులే. కుర్చీలా కూర్చోగలిగే క్యాసెట్ టాయిలెట్ (మలినం చేరే పెట్టెను బయటికి తీసి ఖాళీ చేసుకునేది), వంద లీటర్ల నీళ్ల ట్యాంకు, చిన్న ఫ్రిజ్, ఇండక్షన్ పొయ్యి, పైకప్పు మీద సోలార్ పలకలు ఉన్నాయి. వంద లీటర్లంటే వంద కిలోల బరువు కాబట్టి, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మలుపుల్లో బండి తీరు మారుతుంది. బ్యాటరీ 12.8 వోల్టుల 200 ఆంపియర్ అవర్లది. మన కరెంటు బిల్లు లెక్కలో చెప్పాలంటే సుమారు రెండున్నర యూనిట్లు. దానితో లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ రాత్రంతా నడుస్తాయి, అన్నం కూడా వండుకోవచ్చు. తెల్లవార్లూ ఏసీ వేసుకోవడం మాత్రం కుదరదు. అందువల్ల మొదటి ప్రయాణాన్ని డిసెంబరులో పెట్టుకొని గండికోటకు బయలుదేరాము.

హైదరాబాద్ నుంచి 44వ జాతీయ రహదారి మీద జడ్చర్ల దాటాక బండి పక్కకు ఆపాము. అమ్మ ఎవరి సాయమూ అడగకుండా లేచి, వెనక తలుపు వేసుకొని, కాసేపటికి చేతులు కడుక్కొని వచ్చి కూర్చుంది. ఇంటి నుంచి తెచ్చిన మజ్జిగ ఒక గ్లాసు తాగి, “ఇంకాస్త పొయ్యి నాన్నా” అని గ్లాసు చాపింది. దారిలో ఆమె మజ్జిగ రెండోసారి అడిగి తాగడం నేను ఎన్నడూ చూడలేదు. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి అలంపురంలో జోగులాంబ అమ్మవారి దర్శనం చేసుకున్నాము. బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలను అమ్మ మధ్యమధ్య అరుగుల మీద కూర్చుంటూ తీరిగ్గా చూసింది. తిరిగి వచ్చి బండిలో నడుం వాల్చే వీలుంది గనుక ఆమెకు తొందర లేదు, మాకూ లేదు. కర్నూలు దాటి, పాణ్యం దగ్గర హైవే వదిలి, బనగానపల్లె, ఔకు, జమ్మలమడుగు మీదుగా గండికోట చేరేసరికి పొద్దు వాలింది.

అక్కడ పర్యాటక శాఖ హోటల్ వాళ్లను అడిగి, డబ్బు కట్టి వాళ్ల ఆవరణలో బండి పెట్టుకున్నాము. నేల కొంచెం వాలుగా ఉంటే పడుకున్నప్పుడు తల బరువెక్కుతుంది కాబట్టి, ముందు చక్రాల కింద చెక్కలు పెట్టి, వంటగట్టు మీద గిన్నెలో నీళ్లు పోసి మట్టం చూసుకున్నాము. మర్నాడు పొద్దున్నే ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న పారే లోయనూ, కోటలోని మాధవరాయ స్వామి ఆలయాన్నీ, జామియా మసీదునూ, ధాన్యాగారాన్నీ చూశాము. లోయ అంచుకు రాళ్ల మీద నడవాలి కాబట్టి అమ్మ అంతవరకు రాలేదు. గుడి దగ్గరే ఆగి గోపురం నీడలో కూర్చుంది.

టాయిలెట్ క్యాసెట్‌ను ఖాళీ చేయడం గురించి చాలామంది అడుగుతున్నారు. హైవే పక్కన ఇందుకోసం ప్రత్యేకంగా చేసిన ఏర్పాటు మాకు కనిపించలేదు. హోటల్ వాళ్ల అనుమతితో, సెప్టిక్ ట్యాంకుకు కలిసి ఉన్న మరుగుదొడ్డిలోనే పోసి కడిగాము. పొలం గట్టునో వాగులోనో పారబోయడం తప్పు, అలా చేసేవారికి ఈ బండి అక్కర్లేదు.

తరువాతి ప్రయాణం శ్రీశైలానికి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్లే ఆ దారిని రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసివేస్తారు కాబట్టి, ఆరు దాటాకే ఆ దారిలోని మన్ననూరు చెక్‌పోస్టు చేరేలా బయలుదేరాలి. ఈలోగా తలుపు పక్కన గట్టి పిడి ఒకటి, ఇంకొక మెట్టు ఒకటి బిగించాలి. ఆ రెండూ అమ్మ అడిగినవే.