కార్డు మీద 256, లోపల 29: నా అనుభవం

నకిలీ మెమరీ కార్డుకు పోసిన డబ్బులు వాపసు వచ్చాయి, మొత్తం. దాంతో కోపం కాస్త తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. పోకముందే రాసేస్తున్నా.

మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ మావాడికి నింటెండో స్విచ్ అనే వీడియోగేము మెషీన్ తెచ్చాడు, 2017లో వచ్చిన మొదటి రకం. దాని సొంత మెమరీ 32 జీబీ. అందులో కొంత సిస్టమే తినేస్తుంది కాబట్టి నాలుగు గేములు ఎక్కేసరికి నిండిపోతుంది. వెనక స్టాండు ఎత్తితే కింద మైక్రో ఎస్‌డీ కార్డుకు చోటుంది. మా ఆయన నెల్లూరులోనే తనకు తెలిసిన షాపు నుంచి 256 జీబీ కార్డు తెచ్చి పెట్టారు. పెట్టగానే ఏదో అప్‌డేట్ అడిగింది. పెద్ద కార్డులకు అది మామూలే, వైఫై ఉంటే అయిపోతుంది.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఒక గేము మధ్యలో మూసుకుపోవడం మొదలైంది. తీసేసి మళ్ళీ డౌన్‌లోడ్ చేస్తే ఇంకోటి పాడయ్యేది. గేము బొమ్మ మీద ఉంచి ప్లస్ బటన్ నొక్కితే, మేనేజ్ సాఫ్ట్‌వేర్ లోపల పాడైన డేటా ఉందేమో చూసే ఆప్షన్ ఉంటుంది. అది ప్రతిసారీ "ఉంది" అనేది, బాగుచేసేది, మళ్ళీ పాడయ్యేది. వీడియోల్లో ఒకాయన పెన్సిల్ రబ్బరుతో రుద్దమంటాడు, ఇంకొకాయన ఫార్మాట్ కొట్టమంటాడు. ఈ మహానుభావుల మాట విని కార్డును తోమడమే గానీ ఒరిగిందేమీ లేదు. నకిలీ కార్డు ఫార్మాట్ సుబ్బరంగా అవుతుంది, అదే దాని మాయ.

మావాడు మాత్రం తన ఆట మొత్తం పోయిందని అన్నం మానేశాడు. ఇక్కడొక మాట చెప్పాలి. స్విచ్‌లో ఆట ఎంతవరకు ఆడామన్న సేవ్ కార్డులో ఉండదు, మెషీన్ సొంత మెమరీలోనే ఉంటుంది. కార్డులో ఉండేవి గేము ఫైళ్ళు, అప్‌డేట్లు, స్క్రీన్‌షాట్లు. కార్డు పోయినా ఆట పోదు. కంగారులో సేవ్ డేటా డిలీట్ చేయడం, మెషీన్ మొత్తాన్ని రీసెట్ కొట్టడం లాంటివి చేయకపోతే చాలు. ఇది చెప్పాక వాడు రెండు ముద్దలు తిన్నాడు.

కార్డు బయటికి తీసి నా ల్యాప్‌టాప్‌లో పెట్టి, నింటెండో ఫోల్డర్‌లోని ఆల్బమ్ ముందు కాపీ చేసుకున్నా. పాత స్క్రీన్‌షాట్లు తెరుచుకున్నాయి, కొత్తవి తెరుచుకోలేదు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. కార్డు ఖాళీ చేసి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం నడిపా. అది కార్డు నిండేదాకా ఫైళ్ళు రాసి, రాసినవి తిరిగి చదివి సరిపోల్చుతుంది. 256 జీబీకి గంటల తరబడి పడుతుంది కాబట్టి రాత్రి పెట్టి పడుకున్నా. తెల్లారి చూస్తే ఎర్ర అక్షరాలు: 29 జీబీ లోపే సరిగ్గా ఉంది, మిగతాదంతా గల్లంతు. 32 జీబీ చిప్పుకు (కంప్యూటర్ లెక్కలో అది 29 చిల్లర) 256 అని చెప్పుకోమని నేర్పి అమ్మారన్నమాట. 29 నిండేదాకా అంతా బాగుంటుంది. ఆ తర్వాత రాసిందల్లా గాలికి పోతుంది.

కార్డు తిరిగిచ్చేసి రమ్మంటే మా ఆయన కదలరు. షాపతను ఆయన చిన్ననాటి క్లాస్‌మేట్‌కి బావమరిది అంట. "పోనీలే, ఇంకోటి కొందాం" అన్నారు. నేను రొయ్యల మేత డీలర్ దగ్గర లెక్కలు చూస్తాను. బస్తా ఒక్క కిలో తక్కువ తూగితే చెరువు రైతు ఊరుకుంటాడా? నేనే వెళ్ళా.

కౌంటర్ ముందు నిలబడితే షాపతను ముందు నా వెనక్కి చూశాడు, ఇంకెవరైనా వస్తున్నారేమోనని.

"సార్ రాలేదా మేడమ్?"

"రాలేదు. మీరిచ్చిన కార్డు నకిలీది."

"అట్టంటే ఎట్టా మేడమ్. పిల్లోడు ఆడి ఆడి చెడగొట్టుంటాడు. ఇన్నాళ్ళు పనిచేసింది గదా?"

ఫోన్‌లో టెస్ట్ ఫలితం ఫొటో చూపించా. సరిగా చూడకుండానే, "నెట్లో ఊరికే దొరికేటివి మేడమ్ ఇయ్యన్నీ, నమ్మబాకండి" అన్నాడు. కార్డు తీసుకుని తన కంప్యూటర్‌లో పెట్టి, స్క్రీన్ నా వైపు తిప్పాడు. 238 జీబీ అని చూపిస్తోంది.

"256 అని రాసున్నా కంప్యూటర్ అంతే చూపిస్తది. దాని లెక్క వేరే ఉంటది." పక్కనున్న కుర్రాడి వైపు తిరిగి, "రేయ్, మేడమ్‌కి 1024 లెక్క చెప్పరా" అన్నాడు.

కుర్రాడు కిసుక్కుమన్నాడు. టెంపర్డ్ గ్లాస్ వేయించుకుంటున్న ఇద్దరు కాలేజీ పిల్లలూ నవ్వారు. నాకు! పొద్దుగూకులూ అంకెలతో కాపురం చేసేదానికి! కంపెనీ 1000 చొప్పున, కంప్యూటర్ 1024 చొప్పున లెక్కేస్తాయి కాబట్టి 256కి 238 రావడం సరైనదేనని నాకు తెలుసు. నేనడిగింది అది కాదు. వెనకున్న ఒక పెద్దాయన, పాపం మంచికే అనుకుంటా, "ఇంటికెళ్ళి ఆయన్ని పంపించమ్మా, మగోళ్ళు మగోళ్ళు మాట్లాడుకుంటారు" అన్నాడు. చెవులు వేడెక్కాయి. ఆ మాట వినే ఎంతమంది ఆడవాళ్ళు డబ్బు వదులుకుని ఇంటికెళ్ళిపోయి ఉంటారో.

నేను మాత్రం ఉత్త చేతులతో వెళ్ళలేదు. ఆ టెస్ట్ ఫైళ్ళలో మొదటి 40 జీబీ కార్డులోనే ఉంచి మిగతావి చెరిపేసి వెళ్ళా. అంటే అసలు చిప్పు ఎప్పుడో నిండిపోయింది. కంప్యూటర్‌కి మాత్రం బోలెడంత ఖాళీ కనబడుతుంది.

"మీ దగ్గరున్న వీడియో ఏదైనా ఒకటి ఇందులో వేయండి" అన్నా.

వాళ్ళ పాప ఓణీల ఫంక్షన్ వీడియో వేశాడు. కాపీ అయింది. వెంటనే తెరిచాడు, సన్నాయి మోగింది. "చూశారా మేడమ్" అని చేతులు చాచాడు. కాలేజీ పిల్లలు మళ్ళీ నవ్వారు.

"ఇప్పుడు కార్డు తీసి మళ్ళీ పెట్టండి."

అసలు కిటుకు ఇదే. అప్పుడే కాపీ చేసిన ఫైలును కంప్యూటర్ తన మెమరీలోంచే చూపించగలదు, కార్డు దాకా పోనక్కర్లేదు. కార్డు తీసి పెడితే ఆ దారి మూసుకుపోతుంది. తీశాడు, పెట్టాడు. ఫైలు పేరుంది, సైజుంది. క్లిక్ చేశాడు, రాలేదు. మళ్ళీ నొక్కాడు. ఇంకో ప్లేయర్‌లో నొక్కాడు. కుర్రాడు వచ్చి వంగి చూశాడు, వాడి నవ్వు పోయింది.

"మా రీడర్‌లో ఏదో లూజ్ కాంటాక్ట్..." అంటూ అదే డబ్బాలోంచి ఇంకో ప్యాకెట్ తీశాడు. "మార్చిస్తా తీసుకోండి."

"దాన్నీ నిండా నింపి చూపించండి, తీసుకుంటా. ఎంతసేపైనా కూర్చుంటా" అని స్టూలు లాక్కున్నా. ప్యాకెట్ మళ్ళీ డబ్బాలోకి వెళ్ళింది.

తర్వాత పాట మారింది. క్యాష్ వాపసు ఉండదట, ఎక్స్ఛేంజ్ మాత్రమేనట. మా ఆయనకిచ్చిన చీటీ బయటికి తీశా. తెల్ల కాగితం మీద 'ఎస్టిమేట్' అని ఉంది, జీఎస్టీ నంబరు లేదు. "దీనికి సరైన బిల్లు రాసివ్వండి. 1915కి ఫోన్ చేస్తే అడుగుతారు" అన్నా. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. దాంతోనూ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు వస్తువుకైతే అక్కడ ఫీజు కూడా ఉండదు. అంతదూరం పోనే లేదు. బిల్లు మాట వినగానే సొరుగు తెరుచుకుంది. వంద తగ్గించి ఇవ్వబోయాడు. ఆ వందా కక్కించా. వెనకున్న పెద్దాయన ఈసారి నోరెత్తలేదు.

కొత్త కార్డు బిల్లు ఇచ్చే చోట కొన్నాం, పాతదానికి దాదాపు రెట్టింపు ధర పడింది. చెన్నై రిచీ స్ట్రీట్‌లో చౌక అని పక్కింటాయన సలహా ఇచ్చాడు. ఆ చౌకే గదా ఇంతపని చేసింది. కొనగానే అదే టెస్ట్ రాత్రంతా నడిపి, తప్పులేమీ లేవని చూశాకే స్విచ్‌లో పెట్టా. ఎక్కడ కొన్నా, ఎవరు తెలిసినవాళ్ళైనా, ఈ టెస్ట్ ముందే చేయండి, ప్యాకెట్ కూడా పారేయకండి. షాపుకి తిరిగి వెళ్ళాల్సొస్తే, నేను 40 జీబీ ఉంచినట్టు, టెస్ట్‌లో తేలిన అసలు సైజును మించి ఫైళ్ళు ఉంచి వెళ్ళే పద్ధతి మరిచిపోకండి, టెస్ట్ ఫలితం ఫొటోలు ఎవడూ చూడడు.

గేముల బొమ్మలు తెర మీద అలాగే ఉన్నాయి, ఒక్కోటీ నొక్కి మళ్ళీ డౌన్‌లోడ్ పెట్టాం. చార్జింగ్‌లో ఉంచితే నిద్రపుచ్చినా డౌన్‌లోడ్ సాగుతుంది. మావాడి ఆట ఆగినచోటి నుంచే మొదలైంది. పాడైన స్క్రీన్‌షాట్లు మాత్రం రాలేదు. మా ఆయన ఆ షాపు ముందునుంచి వెళ్ళాల్సొస్తే ఇప్పుడు బండి పక్క వీధిలోంచి పోనిస్తున్నారు.